సబర్బన్ వెనక కుంగిపోతోందా? షాకులు కొనే ముందు ఇవి చూడండి

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇది: "అన్నా, సెకండ్ హ్యాండ్ సబర్బన్ కొన్నాను. అందరం ఎక్కి లగేజీ పెడితే వెనక కుంగిపోతోంది. ఏ కంపెనీ షాకులు వేయించాలి?"

నేను ఉండేది టెక్సస్‌లో. ఇక్కడ మనవాళ్లు పిల్లలు పుట్టాకో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారనో పెద్ద బండికి మారతారు. బడ్జెట్ తక్కువైతే చూపు పడేది 2007 నుంచి 2014 మధ్య వచ్చిన షెవీ టాహో, సబర్బన్, జీఎంసీ యూకాన్‌ల మీద. కాబట్టి ఈ రోజు ఆ బండ్ల గురించే మాట్లాడుకుందాం. అందులోనూ 1500 మోడళ్లు మాత్రమే. సబర్బన్ 2500కి వెనక మన లారీలకి ఉన్నట్టు కమాన్ కట్టలు ఉంటాయి, దాని లెక్క వేరు.

కంపెనీ పేరు చివర్లో చూద్దాం. ముందు మీ బండి బరువుని ఏది మోస్తోందో తెలియాలి. అది తెలియకుండా ఆర్డర్ పెడితే డబ్బులు పోతాయి, కుంగుడు మాత్రం అలాగే ఉంటుంది.

షాక్ పని ఏంటి, స్ప్రింగ్ పని ఏంటి?

బరువు మోసేది స్ప్రింగ్. గుంతలో పడ్డాక బండి అలా ఊగుతూనే ఉండకుండా ఆపేది షాక్. షాక్ లోపల నూనె ఉంటుంది, అది చిన్న చిన్న రంధ్రాల్లోంచి కష్టంగా వెళ్తుంది. ఆ కష్టమే ఊపుని ఆపుతుంది. అంటే మామూలు షాక్ ఎంత ఖరీదైనది వేసినా, కుంగిన బండిని అది నిలబెట్టి ఉంచలేదు.

సో, మీ ప్రాబ్లమ్ ఏదో ముందు తేల్చుకోండి. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడు సార్లు ఊగుతోందా? బ్రేక్ వేస్తే ముక్కు కిందకి దిగిపోతోందా? టైరు అరుగుదల ఎత్తుపల్లాలుగా ఉందా? షాక్ మీద నూనె కారి తడిగా ఉందా? అయితే షాక్ అయిపోయినట్టే. ఊగడం లేదు, లోడ్ పెడితే వెనక దిగుతోంది అంతే అంటారా? అది స్ప్రింగ్ పనో, లెవెలింగ్ సిస్టమ్ పనో అవుతుంది.

గ్లవ్ బాక్స్ తెరవండి

ఈ బండ్లలో గ్లవ్ బాక్స్ లోపల ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని నిండా మూడక్షరాల కోడ్‌లు. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మనకి కావాల్సినవి రెండు మూడే.

జెడ్55 అని ఉంటే అది ఆటోరైడ్. వెనక షాకుల చుట్టూ గాలి నింపే రబ్బర్ సంచి ఉంటుంది, ఛాసిస్ దగ్గర చిన్న కంప్రెసర్ ఉంటుంది, ఎత్తు కొలిచే సెన్సర్లు ఉంటాయి. షాకులకి కరెంటు వైరు కూడా వెళ్తుంది.

జెడ్‌డబ్ల్యూ7 అని ఉంటే వెనక నివోమ్యాట్ షాకులు ఉండే అవకాశం ఎక్కువ. వంగి చూసి కన్ఫర్మ్ చేసుకోండి: ఒళ్లు లావుగా ఉంటుంది, గాలి పైపు ఉండదు, వైరు ఉండదు.

జెడ్95 అంటే మ్యాగ్నెటిక్ రైడ్. ఎస్కలేడ్‌లో కనిపిస్తుంది. లోపలి నూనెలో ఇనుప రేణువులు కలిపి ఉంటాయి, కరెంటు పంపితే నూనె తీరు మారి షాక్ గట్టిపడుతుంది.

ఇవేవీ లేకుండా మామూలు షాకులే ఉంటే మీరు అదృష్టవంతులు, పని తేలిక.

నివోమ్యాట్‌తో జాగ్రత్త

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నివోమ్యాట్ దానంతట అదే పంపు కొట్టుకుంటుంది. బండి నడుస్తుంటే రోడ్డు కుదుపులకే లోపలి నూనె పీడనం పెరిగి వెనక భాగం లేస్తుంది. అందుకే లోడ్ పెట్టగానే కుంగినట్టు కనిపిస్తుంది, రెండు మైళ్లు నడిపితే పైకొస్తుంది. అంటే ఇక్కడ షాక్ కూడా బరువు మోస్తోంది. అది మోస్తుంది కదా అని పక్కనున్న స్ప్రింగ్ మెత్తగా ఇచ్చారు.

నాకు తెలిసిన ఒకతను ఇవి తీయించి మామూలు షాకులు వేయించాడు. మెకానిక్ స్ప్రింగుల మాటే ఎత్తలేదు. ఖాళీ బండే వెనక కూర్చుండిపోయింది. మళ్లీ స్ప్రింగులు కొని, మళ్లీ లేబర్ కట్టాడు. కాబట్టి రెండే దారులు: నివోమ్యాట్ తీసి నివోమ్యాట్ వేయాలి, లేదా మామూలు షాకులతో పాటు గట్టి స్ప్రింగులు కూడా మార్చాలి. నివోమ్యాట్ రేటు మామూలు షాక్ కంటే చాలా ఎక్కువే. అందుకే రెండో దారి మొత్తం ఖర్చుని పార్ట్స్, లేబర్ కలిపి లెక్కేసి పోల్చండి.

పాడైందో లేదో తెలుసుకునే టెస్ట్ ఇంట్లోనే చేయొచ్చు. టేపుతో వెనక చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు వరకు కొలవండి. ఖాళీగా ఒకసారి, లోడ్ పెట్టాక ఒకసారి, ఆ లోడ్‌తో కొన్ని మైళ్లు తిరిగొచ్చాక ఒకసారి. మూడోసారి కూడా ఎత్తు పెరగలేదంటే నివోమ్యాట్ పని అయిపోయినట్టే.

ఆటోరైడ్ అయితే?

ముందు గాలి ఎక్కడ పోతోందో చూడండి. సంచి మీద, పైపు జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టండి, బుడగలు వస్తే అక్కడే లీకు. లీకుని వదిలేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. అప్పుడు రెండు ఖర్చులు.

ఆటోరైడ్ వద్దు, మామూలు షాకులకి మారతాను అనుకుంటే మారొచ్చు. కానీ వైరు ఊరికే పీకేస్తే డాష్‌బోర్డ్‌లో సస్పెన్షన్ సర్వీస్ మెసేజ్ వస్తుంది. దాన్ని ఆపే మాడ్యూల్ కిట్‌తో పాటు ఇస్తున్నారా అని అడిగి కొనండి.

మామూలు షాకులున్న బండికి

కుంగేది అప్పుడప్పుడే అయితే, వెనక స్ప్రింగ్ లోపల పెట్టే గాలి బ్యాగులు మంచి దారి. ఎయిర్ లిఫ్ట్ 1000 అలాంటిదే. లోడ్ ఉన్నప్పుడు గాలి కొట్టాలి, దించాక తగ్గించాలి. మాక్సిమమ్ 35 పీఎస్ఐ. ఎప్పుడూ లోడ్ ఉండే బండికి గట్టి స్ప్రింగులే మేలు. షాకుల్లో మన్రో, కేవైబీ మెత్తగా రోజువారీ వాడకానికి సరిపోతాయి. ట్రైలర్ లాగేవాళ్లు బిల్‌స్టీన్ 5100 లాంటి మోనోట్యూబ్ చూడొచ్చు. కొంచెం గట్టిగా ఉంటుంది కానీ వేడెక్కినా పట్టు తగ్గడం తక్కువ.

ఇంత ఎందుకు పట్టించుకోవాలంటే

వెనక కుంగితే ముందు తేలుతుంది. ముందు టైర్ల మీద బరువు తగ్గి స్టీరింగ్‌కి, ముందు బ్రేకులకి పట్టు తగ్గుతుంది. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. రాత్రి హైవే మీద, పిల్లలు వెనక సీట్లో ఉండగా, ఇది చిన్న విషయం కాదు.

ఇంకో మాట. బ్యాగులు పెట్టినా, స్ప్రింగులు మార్చినా బండి మోయగల బరువు పెరగదు. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంతో రాసుంటుంది, అదే ఆఖరి మాట. ఇండియా నుంచి ఇద్దరు వస్తే, 23 కిలోల పెట్టెలు తలా రెండు అనుకున్నా 92 కిలోలు. 5,000 పౌండ్ల ట్రైలర్ తగిలిస్తే హుక్ మీద 500 నుంచి 750 పౌండ్లు పడుతుంది. అవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

చివరగా మెకానిక్‌కి చెప్పాల్సినవి మూడు. రబ్బర్ బుష్ ఉన్న బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి, లేకపోతే రబ్బర్ త్వరగా చిరుగుతుంది. ముందు షాకులు మారిస్తే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ముందు స్ప్రింగ్ విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి, నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే ప్రాణం మీదకొస్తుంది. స్ప్రింగ్‌తో సహా బిగించి వచ్చే రెడీ అసెంబ్లీలు దొరుకుతాయి.

ఇప్పుడు కిందకెళ్లి గ్లవ్ బాక్స్ ఫొటో తీసుకోండి. ఏ కోడ్ ఉందో కామెంట్‌లో రాయండి, దాన్ని బట్టి మాట్లాడుకుందాం. ఉంటానండీ.