తెడ్డు నెడితే నీరు నెడుతుంది

హైదరాబాదు పాతబస్తీలో, బహదూర్‌పురా దగ్గర ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాలను మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని ఆనుకొని మీర్ ఆలం చెరువు ఉంది. నిజాం దివానుగా పనిచేసిన మీర్ ఆలం పేరుమీద 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో కట్టిన చెరువు ఇది. దీని ఆనకట్ట తిన్నని గోడ కాదు. పైనుంచి చూస్తే 21 అర్ధవృత్తాలను వరుసగా పేర్చినట్టు ఉంటుంది. వాటి ఉబ్బెత్తు వైపు నీటికి ఎదురుగా ఉంటుంది. నీరు గోడను నెడుతుంది. గోడ కూడా అంతే బలంతో నీటిని నెడుతుంది. చర్యకు సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుందన్న న్యూటన్ మూడవ నియమం ఇదే కదా!

ఇదే నియమం మీద ఆధారపడిన ఆట ఒకటుంది. అదే కనూ పందెం.

కనూ అంటే ఏమిటి?

కనూ మనకు కొత్తది కాదు. కొల్లేటిలో బెస్తలు వాడిన తాటి దోనె అటువంటిదే. తాటి మాను లోపలిభాగం తొలిచి దాన్ని తయారుచేస్తారు. ఉత్తర అమెరికా ఆదివాసులు చెట్టు బెరడుతో కనూలు చేసుకున్నారు. ధ్రువప్రాంతపు ఇన్యూట్ ప్రజలు సీలు చర్మం కప్పి కయాక్‌లు చేసుకున్నారు. కనూ నడిపేవాడు మోకాలి మీద నిలిచి, ఒకవైపే పలక ఉన్న తెడ్డు వేస్తాడు. కయాక్ నడిపేవాడు కాళ్లు చాపి కూర్చుని, రెండు కొసలా పలకలున్న తెడ్డు వేస్తాడు. ఇద్దరూ ముందుకే చూస్తారు. వారి తెడ్డు పడవకు బిగించి ఉండదు.

పడవ ఎందుకు పక్కకు తిరుగుతుంది?

మీరు ఆ చెరువులో కనూ ఎక్కారనుకోండి. తెడ్డుతో నీటిని వెనక్కి నెట్టారు. నీరు తెడ్డును ముందుకు నెట్టింది. పడవ కదిలింది. కాని చిక్కు ఇక్కడే వచ్చింది! మీరు కుడివైపున తెడ్డు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరిగింది. బలం పడవ మధ్యరేఖ మీద కాక పక్కన పడటమే దీనికి కారణం. తలుపును అంచు దగ్గర నెడితే తిరిగినట్టే ఇదీ తిరుగుతుంది.

ఆరితేరిన వాడు తెడ్డు వేత చివర పలకను తిప్పి, నీటిని పడవకు దూరంగా నెడతాడు. అప్పుడు ప్రతిచర్య పడవ వెనుకభాగాన్ని ఎడమకు తోస్తుంది, ముక్కు కుడికి వస్తుంది. దారి సరిపోతుంది. కయాక్‌లో కుడి, ఎడమ మార్చిమార్చి వేయటంవల్ల ఈ చిక్కు తక్కువ.

పడవ ఆకారం కూడా ముఖ్యమే. కృష్ణ, తుంగభద్రలలో తిరిగే పుట్టి గుండ్రంగా ఉంటుంది. అది బోల్తా పడటం కష్టం, కాని తిన్నగా పోదు. పందెపు కనూ పొడవుగా, సన్నగా ఉంటుంది. అది నీటిని సులభంగా చీల్చుకుపోతుంది, కాని ఇట్టే ఒరుగుతుంది. నిలబడితే మన గరిమనాభి పైకి పోయి పడవ తలకిందులవుతుంది. కొత్తవారు పడవలో లేచి నిలబడకూడదనటం అందుకే.

పతకాల దాకా

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ పందేలు మొదటిసారి పతకాలకు జరిగాయి. 1994లో హిరోషిమా ఆసియా క్రీడలలో సిజి సదానందన్, జానీ రోమెల్ ఇద్దరు నడిపే కనూ 1000 మీటర్ల పందెంలో మనకు కాంస్యం తెచ్చారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం అదే పందెంలో మళ్లీ కాంస్యం గెలిచారు.

చెరువు బాగుంటేనే ఆట

హుసేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. మరి మీర్ ఆలం చెరువులో కనూ పందేలు జరిగితే పాతబస్తీ పిల్లలకు ఎంత బాగుంటుంది! దూరం పోనక్కరలేదు, ఇంటి పక్కనే నీరుంది. కాని ఒకప్పుడు ఊరికి మంచినీళ్లిచ్చిన ఆ చెరువులోకి మురుగునీరు చేరింది. మురుగులోని పోషకాలు తిని గుర్రపుడెక్క పెరిగింది. అది అల్లుకున్నచోట తెడ్డు ఆడదు. దాని నీడలో నీటిలోని ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి.

మనం నీటిని ఎలా చూసుకుంటామో నీరు మనను అలాగే చూసుకుంటుంది. ఇది న్యూటన్ చెప్పిన నియమం కాకపోవచ్చు, కాని చెరువు గట్టున నిలబడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

పడవ ఎక్కే అవకాశం మీకు దొరికితే ఈత వచ్చినా సరే, ప్రాణరక్షక జాకెట్ తొడుక్కోవటం, పెద్దలను వెంట ఉంచుకోవటం మరచిపోకండి.