కంప్యూటరులో తెలుగు అక్షరములు పడనప్పుడు

నేడు మన గ్రామములలో దరఖాస్తులు, ధ్రువపత్రములు, పంచాయతీ తీర్మానములు పెక్కు కంప్యూటరుమీదనే సిద్ధమగుచున్నవి. మీ సేవా కేంద్రమున రైతు తన వివరములు చెప్పుచుండ, ఆపరేటరు వానిని తెలుగులో టైపు చేయుచుండును. ఒక్కొక్కప్పుడు పని నడుమ అక్షరములు పడుట హఠాత్తుగా నిలిచిపోవును. మీటలను ఎంత నొక్కినను ఫలితముండదు. అట్టి సమయమున పలువురు విద్యుత్తును కట్టివేసి యంత్రమును తిరిగి నడిపింతురు. దానితో భద్రపరుపని వ్రాత యంతయు పోవును. వరుసలో నిలిచినవారు వివరములను మరల మొదటినుండి చెప్పుకొనవలసి వచ్చును. కారణము తెలిసినచో ఈ నష్టము చాలవరకు తప్పించుకొనదగినదే.

మీట నొక్కినప్పుడు కంప్యూటరునకు అందునది ఆ మీట గుర్తు మాత్రమే. దానిని తెలుగక్షరముగా మార్చుటకు నడుమ వేరొక సాధనము పనిచేయవలెను. దీనినే ఇన్‌పుట్ మెథడ్ అందురు. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో ‘క్త’ వ్రాయుటకు క, పొల్లు, త అను మూడు మీటలను వరుసగా నొక్కవలెను. 2019లో విండోస్ 10లో చేరిన ఫొనెటిక్ పద్ధతిలో ఉచ్చారణను ఆంగ్లాక్షరములతో కొట్టినచో తెలుగు పదము వచ్చును. పదము పూర్తియగువరకు ఆ అక్షరములు నడిమి సాధనము చేతిలోనే యుండును.

ఈ సాధనము దుబాసి వంటిది. దుబాసి మూగవోయినచో, ఇరువైపులవారికిని నోరున్నను మాట సాగదు. అట్లే కీబోర్డు, కంప్యూటరు రెండును బాగుగనే యున్నను తెలుగు పడకపోవచ్చును. అందుచేత తొలుత లోపమెచ్చట నున్నదో తెలిసికొనవలెను.

1. మౌసు కదలుచున్నదా? క్యాప్స్ లాక్ మీట నొక్కినచో దాని దీపము వెలిగి ఆరుచున్నదా? ఈ రెండును జరుగుచున్నచో యంత్రము నిలిచిపోలేదని గ్రహింపవలెను.

2. తెరపైనున్న భాష గుర్తును మౌసుతో నొక్కి ఆంగ్లమునకు మార్చి చూడవలెను. ఆంగ్లము పడుచు తెలుగు మాత్రము పడనిచో దోషము దుబాసిదేయని అనుకొనవచ్చును.

3. వేరొక ప్రోగ్రాములో తెలుగు పడుచున్నచో, నిలిచిన ప్రోగ్రామును మాత్రమే మూసి తెరచిన చాలును.

ఏ చికిత్సకైనను ముందు చేసిన పనిని కాపాడుకొనవలెను. పేరు పెట్టిన దస్త్రమైనచో మౌసుతోనే సేవ్ చేయవచ్చును. వెబ్‌సైటులోని ఫారమైనచో ఫోనుతో తెరను ఫోటో తీసికొనుట మేలు. అందు పరుల ఆధార్ మొదలగు వివరములుండును గనుక, పని ముగిసిన వెంటనే ఆ ఫోటోను తప్పక తొలగింపవలెను.

విండోస్ 10, 11లలో ఈ పనికి తోడ్పడునది సీటీఎఫ్ లోడర్. స్టార్ట్ గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి టాస్క్ మేనేజరును తెరచి, ఆ పేరును ఎన్నుకొని ‘ఎండ్ టాస్క్’ నొక్కవలెను. అది తనంతట తిరిగి మొదలు కానిచో, సి డ్రైవులోని విండోస్ ఫోల్డరులో సిస్టమ్32 తెరచి, సీటీఎఫ్‌మాన్ అను ఫైలును రెండుసార్లు నొక్కవలెను. దీనికి టైపు చేయనక్కరలేదు. ఉబుంటు వాడువారికి ఈ దుబాసి పేరు ఐబస్. ఆంగ్లమునకు మార్చి, టెర్మినలులో ‘ఐబస్ రీస్టార్ట్’ అను రెండు మాటలను చిన్న ఆంగ్లాక్షరములతో, నడుమ ఖాళీ విడిచి కొట్టి ఎంటరు నొక్కవలెను. ఇందుచే తెరచిన దస్త్రములు సాధారణముగా మూతపడవు. పూర్తికాని పదము మాత్రము పోవచ్చును.

ఇంతతో కుదురనిచో, ప్రోగ్రాములను మూసి లాగౌట్ చేసి తిరిగి ప్రవేశింపవలెను. మెనూ ద్వారా యంత్రమును రీస్టార్ట్ చేయుట దాని తరువాతి మెట్టు. మౌసు సైతము కదలనప్పుడే విద్యుత్ మీట జోలికి పోవలెను.

చికిత్సకంటె జాగ్రత్త మేలు. ఒకే పనికి రెండు మూడు తెలుగు టైపింగు సాధనములను చేర్చుకొనరాదు. దస్త్రమునకు ఆరంభముననే పేరు పెట్టి, పేరా పేరాకును సేవ్ చేయుచుండవలెను. ఇబ్బంది మరల మరల కలిగినచో, తేదీని, ఏ ప్రోగ్రాములో ఏ పద్ధతితో వ్రాయుచుండగా నిలిచినదో పుస్తకమున గుర్తించి సాంకేతిక సిబ్బందికి చూపవలెను. ‘కంప్యూటరు చెడినది’ అను మాటకంటె ఆ నాలుగు పంక్తులు వారికి త్వరగా దారి చూపును.