మందు పంపు మోయువాని దేహము

పురుగుమందు కడుపులోనికి పోయి ఒక్క పూటలో ప్రాణము తీసిన సంగతులు మన గ్రామములలో అందఱకును తెలిసినవే. అట్టివి జరిగినప్పుడు పోలీసులు వత్తురు, పత్రికలు వ్రాయును, ఊరెల్ల కూడును. కాని ఆ మందునే వీపున మోసికొని, ఉదయము మొదలు ప్రొద్దు వాలువఱకు పైరుపై చల్లి, ఇల్లు చేరి, మఱునాడు మఱల పనికి పోవు మనుష్యుని గూర్చి ఎవరును తలంపరు. అతడు ఆనాడు పడిపోలేదు గదా యని మనమును, తనకేమియు కాలేదని అతడును సమాధానపడుచున్నాము. ఈ సమాధానము సరియైనది కాదని సభ్యులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యూర పాతికేండ్లకు పైగా పంపు మోసిన కూలివా డొకడు కలడు. పత్తిచేను గాని మిరపచేను గాని, ఎవరు పిలిచిన వారి చేలో ట్యాంకు లెక్కన కూలి పుచ్చుకొని మందు కొట్టెడివాడు. నా చేనును చాలసారులు అతడే కొట్టినాడు. చొక్కా పాడగునని విప్పి గట్టున పెట్టెడివాడు. లుంగీ ఎగగట్టి దిగెడివాడు. నాజిలు అడ్డుపడిన నోట ఊది బాగుచేసెడివాడు. నేను గట్టుమీద నిలిచి చూచుచు ఒక్కనాడైనను వలదని చెప్పి యెఱుగను. ఇప్పుడతనికి ఏబదియేండ్లు దాటినవి. టీ గ్లాసు చేత బట్టిన తొణుకుచున్నది. ఉదయము చెప్పిన మాట సాయంకాలమునకు జ్ఞప్తి యుండదు. ఇది మందు వలననే కలిగినదని నేను ప్రమాణము చేయజాలను. వైద్యుడును అట్లు వ్రాసి యియ్యలేదు. అతనిని నేను అడిగినప్పుడు చెప్పిన మాట మాత్రము ఇది: "ఆ రోజుల్లో నాకేం కాలేదండీ. రాత్రికి తల దిమ్ముగా ఉండేది, కళ్ళు మసకేసేవి. పొద్దున లేచి మళ్ళీ పోయేవాణ్ణి."

తల దిమ్ము, కండ్లమసక యనునవి ఏమియు కాకపోవుట కాదు. అవి విషలక్షణములు. ఎట్లో వివరించెదను.

మనము వాడు మందులలో ఫాస్ఫరసు జాతి యొకటి. పారాథియాను, మోనోక్రోటోఫాసు, క్లోరోపైరిఫాసు మొదలగునవి ఈ జాతివే. జర్మనీ దేశస్థుడగు గెర్హార్డు ష్రాడరు 1930 ప్రాంతపు దశాబ్దమున పురుగులను చంపు ద్రవ్యములను వెదకుచు ఈ జాతిని బయల్పఱచెను. ఆ వెదకులాటలోనే 1936 లో తాబూను అను యుద్ధవిషము కూడ పుట్టెను. ఒకే కుటుంబమున పుట్టిన యీ రెంటిలో ఒకటి సైన్యముల కొట్లకును, రెండవది మన చేలకును చేరినది.

ఈ మందు పనిచేయు విధము రైతునకు సులభముగానే బోధపడును. నరము కండరమునకు ఆజ్ఞ నిచ్చునప్పుడు ఒక రసమును విడుచును. ఆజ్ఞ నెఱవేఱిన వెంటనే కోలినెస్టరేజు అను ఎంజైము ఆ రసమును తుడిచివేయును. మడికి నీరు చాలినంతనే తూము మూయుట వంటి దీ పని. ఫాస్ఫరసు మందు ఆ ఎంజైమును పట్టుకొని పనికిరాకుండ జేయును. తూము మూతపడక నీరు పాఱుచునే యుండును. అప్పుడు చెమట, నోట నీరు, కంట నీరు అతిగా కాఱును, కంటిపాప సూదిమొనవలె ముడుచుకొనును, కండరము లదరును, ఱొమ్ము బిగియును. మోతాదు మించిన ఊపిరి నిలిచిపోవును. పురుగు చచ్చుటయు నిట్లే.

మోతాదు మించనినాడు ఏమగునన్నదే ముఖ్యమైన ప్రశ్న. చెడిపోయిన ఎంజైమునకు బదులు దేహము క్రొత్తదానిని తయారుచేసికొనవలయును. రక్తమందలి ఎఱ్ఱకణములలో ఇది దినమునకు నూటికి సుమారు 1 పాలు మాత్రమే తిరిగి వచ్చును. సంఘము నుండి అప్పు తీసికొన్నవారికి ఈ లెక్క చెప్పనక్కఱలేదు. ఊహ కొఱకు, ఒకనాటి పనిచే 5 పాళ్లు పోయినవనుకొందము. 5 దినములు మందు జోలికి పోకున్న బాకీ తీరును. దినము విడిచి దినము కొట్టినవానికి రెండు దినములకు 5 పోయి 2 వచ్చును. 20 దినములకు 30 పాళ్లు బాకీ పడును. అట్టివాడు ఇరువదియొకటవ నాడు ఎప్పటి మోతాదుతోనే కుప్పగూలిన, "నిన్నటి దాక బాగుగానే యుండెను, ఎండదెబ్బ కాబోలు" నని మన మనుకొందుము. (కార్బమేటు జాతి మందుల పట్టు కొన్ని గంటలలోనే సడలును, కావున వాని లెక్క వేఱు.)

ఇక్కడనే మన లెక్కకును కూలివాని లెక్కకును తేడా వచ్చుచున్నది. రైతు తన పైరునకు ఎన్ని సారులు మందు కొట్టించెనో దానినే ఎఱుగును. ఆ యేడు అయిదు సారులైన, అయిదే గదా యని తృప్తిపడును. ఆ కూలివాడు సోమవారము ఒకరి చేను, బుధవారము మఱియొకరి చేను, శుక్రవారము వేఱొకరి చేను కొట్టుచు పైరుకాల మెల్ల పంపు దింపక తిరుగును. ఏ రైతును అతని దినములన్నిటిని కూడి చూడడు. కూడి చూచుటకు తగినది ఊరివారందఱి పద్దులును ఒక్కచోట నుండు సంఘ మొక్కటియే.

మందు దేహములోనికి ప్రవేశించు దారిని గూర్చి కూడ మనలో పొరబాటు తలంపు కలదు. ముక్కునకు తువాలు చుట్టిన చాలునని చాలమంది నమ్మిక. ఆ తువాలు తుంపరలచే తడిసి విషమును ముఖమునకు అంటిపెట్టి యుంచును గాని ఆపదు. మందు కొట్టువానికి విషము ఎక్కువగా చర్మము ద్వారానే ఎక్కును. చర్మమంతయు ఒక్కతీరుగా పీల్చదు. 1971 లో అమెరికా వైద్యులు పారాథియానును దేహమున వేర్వేఱు చోట్ల రాచి కొలిచిరి. ముంజేయి నూటికి 9 పాళ్ల లోపు పీల్చగా, నుదురు 36 పాళ్లును, చంక 64 పాళ్లును, బీజస్థానపు చర్మము ఇంచుమించు మొత్తమును పీల్చెను. మన పంపులు కాఱునది ఎక్కడ? మూత వదులై, వాషరు అరిగి, మందు వీపునుండి నడుమునకును, నడుమునుండి గజ్జలకును దిగును. దేహమున అన్నిటికంటె ఎక్కువ పీల్చు చోటనే తడిగుడ్డ దినమెల్ల అంటియుండును. అయిదారు రూపాయల వాషరు మార్చకుండుట వలన కలుగు నష్ట మిది.

స్త్రీలు పంపు మోయరు గాన వారికి అపాయము లేదనుకొనుటయు పొరబాటే. డబ్బా మూత విప్పి, చిక్కని మందును బకెట్టులోనికి వంచి, కఱ్ఱతో గాని ఒక్కొక్కచో చేతితోనే గాని కలిపి, ట్యాంకులు నింపి యిచ్చువారు తఱచుగా స్త్రీలే. మన దేశమున మూడు గ్రామములలో 50 మంది పత్తి సేద్యపు స్త్రీలు ఒక పంటకాలమంతయు తమకును తమ యింటి పురుషులకును మందుపని తరువాత కలిగిన బాధలను గుర్తువేసిరి. ఆ వివరములు 2005 లో ప్రకటింపబడినవి. నమోదైన 323 సందర్భములలో నూటికి 83 కు పైగా ఏదో యొక విషలక్షణము కనబడినది. కలుపుట, నింపుట యను పనులు చల్లుట వలెనే అపాయకరములని తేలినది. పెద్ద రైతులకంటె పేద రైతులే తీవ్రబాధలకు ఎక్కువగా గుఱియైరి. మిక్కిలి తీవ్రమైన బాధ కలిగినవారిలోను వైద్యునియొద్దకు పోయినవా రొక్కరును లేరు. ఈ కడపటి సంగతి నన్ను కలచినంతగా తక్కిన అంకెలేవియు కలచలేదు.

ఇక కాలక్రమమున కలుగు ఫలములు. నికరాగువా దేశమున ఫాస్ఫరసు మందు సోకి ఒక్కసారి ఆసుపత్రి పాలై, కోలుకొని యింటికి పోయిన 36 మంది పురుషులను సుమారు రెండేండ్ల తరువాత పరీక్షింపగా, జ్ఞాపకమునందును, ఏకాగ్రతయందును, చేతినేర్పునందును వారు తమవంటి ఇతరులకంటె వెనుకబడి యుండిరని 1991 లో ప్రకటించిరి. అమెరికాలో అయోవా, ఉత్తర కెరొలైనా రాష్ట్రముల రైతులు, వారి భార్యలు, మందు చల్లు పనివారు కలిసి సుమారు 89 వేల మంది ఆరోగ్యమును 1993 నుండి కనిపెట్టి చూచుచు వచ్చిరి. పారాక్వాటు, రోటినోను అను మందులు వాడినవారిలో చేతులు వణకు పార్కిన్సను వ్యాధి హెచ్చుగా కనబడినదని ఆ జనులలోనే జరిగిన పరిశోధన 2011 లో తెలిపెను. మలాథియాను, డయాజినాను, గ్లైఫోసేటు అనునవి మనుష్యులకు క్యాన్సరు కలిగింప గలవిగా నుండవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంఘము 2015 లో వర్గీకరించెను. గ్లైఫోసేటు విషయమున కొన్ని ప్రభుత్వముల సంస్థలు ఈ నిర్ణయముతో ఏకీభవింపలేదు. అదియు సభ్యులు తెలిసికొనదగినదే.

ఈ సందర్భమున డబ్బాపై నుండు రంగు త్రిభుజమును గూర్చి ఒక మాట. ఎఱుపు మిక్కిలి విషము, పసుపు దానికి తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ అల్పము అని మనవారు నేర్చికొన్నారు. అక్షరములు రానివారికి ఇది మేలైన యేర్పాటు. అయితే ఆ రంగు చెప్పునది ఒక్కసారి కడుపులోనికి గాని చర్మముద్వారా గాని పోయిన ఎంత మోతాదు చంపునన్న సంగతి మాత్రమే. ఇరువదియేండ్లు కొంచెము కొంచెముగా సోకిన ఏమగునో రంగు చెప్పదు. మలాథియాను పారాథియానువలె ఒక్కపూటలో చంపునది కాదు. అయినను పై పట్టికలో దాని పేరు కలదు. ఆకుపచ్చ చూచి చేతులు కడుగుకొనక అన్నము తినువారు ఈ సంగతి మఱవరాదు.

చట్టము లేకపోలేదు. 1958 లో కేరళమున ఆహారపు సరకుతోపాటు ఒకే ఓడలో వచ్చిన పారాథియాను కాఱి, దానిచే చెడిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ మీదట విచారణలు జరిగి 1968 లో పురుగుమందుల చట్టము పుట్టినది. మందుతో పనిచేయువారికి వైద్యపరీక్ష జరుపవలెనని, వారికి రక్షణవస్త్రము లుండవలెనని 1971 నాటి నియమములలో వ్రాసిరి. కాగితముననున్నది గట్టు దిగి చేలోనికి రాలేదు. 2017 లో మన ఆదిలాబాదునకు సరిహద్దుననున్న మహారాష్ట్రపు యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టుచు 20 మందికి పైగా చనిపోయిరి. వందలకొలది ఆసుపత్రులలో చేరిరి.

కాలిఫోర్నియాలో 1974 నుండి వేఱొక పద్ధతి నడుచుచున్నది. పైరుకాలమునకు ముందే పనివాని రక్తమున ఈ ఎంజైమును కొలిచి వ్రాసి యుంతురు. తరువాత కొలిచినప్పుడు ఎఱ్ఱకణములలోనిది మొదటి కొలతలో నూటికి 70 పాళ్లకు దిగెనా, అతనిని మందుపని మాన్పింతురు. 80 కి చేరువఱకు మఱల పంపరు. మన యూళ్లలో నెలనెల రక్తపరీక్ష వెంటనే సాధ్యమని నేను చెప్పను. కాని పైరునకు ముందొకసారి, నడుమ నొకసారి జిల్లా ఆసుపత్రిలో చేయించుట సంఘమునకు మోయరాని భారము కాదు. అదియు కాకున్న దినముల లెక్కయైనను వ్రాయవచ్చును గదా. పంపు మోయువారి పేళ్లతో ఒక పుస్తకము పెట్టి, ఎవరు ఏనాడు ఏ మందు కొట్టిరో వ్రాసిన, ఎవరికి విరామము కావలెనో పుట తిప్పినంతనే తెలియును.

రక్షణవస్త్రముల మాట వచ్చినప్పుడు నిజము చెప్పవలయును. భాద్రపదపు ఉక్కలో రబ్బరు కోటు తొడిగికొని పత్తిచేలో నడుచుట ఎవరికిని సాధ్యము కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు తమ నడవడి నియమావళిలో, ఉష్ణదేశపు చిన్న రైతులు తొడుగుకొనలేని రక్షణవస్త్రములు అవసరమగు మందులను వాడకుండుటయే మంచిదని చెప్పిరి. నాకును అదియే న్యాయముగా తోచుచున్నది. వస్త్రము మోయలేనివానిని నిందించుటకంటె ఆ మందును కొట్టు నుండి తీసివేయుట మేలు. మన సంఘపు కొట్టున ఏ డబ్బాలుండవలెనో నిర్ణయించువారము మనమే గదా. ఖమ్మము జిల్లాగా నుండిన ప్రాంతమున పాల్వంచ దగ్గఱ పునుకుల గ్రామస్థులు పత్తి, మిరప పండించుచునే 2000 తరువాతి తొలి యేండ్లలో రసాయనిక మందులను మానివేసిరి. వేపగింజల కషాయము, మిరప వెల్లుల్లి రసము, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు వారి సాధనములు. ఊరెల్ల ఒక్కమాటపై నిలువక అది జరుగలేదు.

అంతవఱకు చేయదగినవి కొన్ని కలవు. చేతులకు నైట్రిలు తొడుగులు, నిండుచేతుల చొక్కా, కాళ్లు కప్పు లాగు; గాలికి అడ్డముగా నడచుచు, తడిసిన పైరులోనికి పోకుండ చల్లుట; నాజిలును నోట ఊదక సన్నని తీగతోనో కుంచెతోనో శుభ్రపఱచుట; గట్టున సబ్బు, బిందెడు నీరు; ఆ బట్టలను ఇంటి బట్టలలో కలుపక వేఱుగ ఉతుకుట. డ్రోను వచ్చిన చోట్ల పంపు మోత తప్పినది గాని చిక్కని మందు కలుపువాని చేతులు తప్పలేదు. కూలి ట్యాంకు లెక్కన గాక దినము లెక్కన ఇచ్చిన తొందరయు తగ్గును. తల దిమ్ము, వాంతి, కండ్లమసక కనబడెనా, పని ఆపి, బట్టలు విప్పి సబ్బుతో ఒడలు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి కొనిపోవలయును. ఏ జాతి మందో తెలిసినగాని అట్రోపిను ఇయ్యవలెనో లేదో వైద్యునకు వెంటనే తేలదు.

పైన చెప్పిన పుస్తకమును పునాస పంటకు ముందే తెఱవవలెనని మా సంఘ కార్యదర్శిగారికి అర్జీ ఇచ్చియున్నాను. ముగ్గురు సభ్యులు దానిపై చేవ్రాలు చేసిరి. నాలుగవవారు, "రక్తపరీక్షకును చేతితొడుగులకును అగు ఖర్చు ఏ పద్దున వ్రాయుదురు?" అని అడిగిరి. మందు వెల ఏ పద్దున వ్రాయుచున్నామో, ఆ పద్దుననే వ్రాయవలెనని నా అభిప్రాయము.