సంతకానికి ముందు, సంతకం తర్వాత

జ్వరంతో సోలిపోయిన పిల్లాడికి సెలైన్ ఎక్కించడం గురించి మన ఊళ్లలో ఎవరికీ అనుమానం రాదు. బాటిల్ తగిలించారంటే వైద్యం మొదలైందని ఇంటిల్లిపాదికీ ధైర్యం. లండన్ ఆసుపత్రుల్లోనూ దాదాపు ఇదే నమ్మకం ఉండేది, అక్కడ దానికి వైద్య గ్రంథాల అండ కూడా తోడైంది. ఇన్ఫెక్షన్ ముదిరి షాక్‌లోకి వెళ్లిన బిడ్డకు మొదటి గంటలోనే పెద్ద మోతాదులో, వేగంగా ద్రవం ఎక్కించాలన్నది ఆ సూత్రం. దీనికి ఆధారంగా తరచూ చూపించే అధ్యయనం ఒకటి 1991లో అమెరికాలో వెలువడింది. అందులో ఉన్నది 34 మంది పిల్లలు, వాళ్లందరికీ ఇంటెన్సివ్ కేర్ అందింది. వెంటిలేటర్ అన్నదే లేని ఆఫ్రికా ఆసుపత్రుల్లో ఈ పద్ధతి ప్రాణం నిలుపుతుందో లేదో చాలాకాలం ఎవరూ పరీక్షించి చూడలేదు.

ఆ పని లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన కాథరిన్ మైట్‌లాండ్ తలకెత్తుకున్నారు. ఆమె కెన్యా తీరంలోని కిలిఫీలో ఏళ్ల తరబడి పిల్లల వార్డులో పనిచేస్తున్న డాక్టరు. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ డబ్బుతో, కెన్యా, ఉగాండా, టాంజానియాల్లోని ఆరు ఆసుపత్రుల్లో 2009లో మొదలైన ఈ పరిశోధన పేరు ‘ఫీస్ట్’. తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ మందగించిన స్థితిలో వచ్చిన పిల్లలను లాటరీ పద్ధతిలో మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి సెలైన్, ఇంకో వర్గానికి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కలిసిన ద్రవం వేగంగా ఎక్కించారు. మూడో వర్గానికి అలా ఎక్కించకుండా, శరీరానికి రోజువారీగా కావలసినంత ద్రవం నెమ్మదిగా ఇచ్చారు. యాంటీబయాటిక్స్, మలేరియా మందులు, ఆక్సిజన్ వంటివి అవసరాన్ని బట్టి అందరికీ ఉన్నాయి. వేగంగా ఎక్కిస్తే మరణాలు తగ్గుతాయన్నదే నిర్వాహకుల ఆశ. 3141 మంది పిల్లలు చేరాక, 2011 జనవరిలో, స్వతంత్ర పర్యవేక్షణ సంఘం పరిశోధనను ఆపించింది. మొదటి 48 గంటల్లో సెలైన్ వర్గంలో 10.5 శాతం, ఆల్బుమిన్ వర్గంలో 10.6 శాతం మంది చనిపోగా, వేగంగా ఎక్కించని వర్గంలో చనిపోయింది 7.3 శాతం. ప్రాణం పోస్తుందనుకున్న చికిత్స నూటికి ముగ్గురు పిల్లల్ని అదనంగా తీసుకుపోతోందన్నమాట.

ఈ అంకెలు వినగానే చాలామందికి వచ్చే కోపం ఒకటే: పేద పిల్లల మీద ప్రయోగాలేమిటి? ఆ కోపంలో న్యాయం ఉంది, చరిత్ర కూడా ఉంది. అయితే దాన్ని ఎక్కుపెట్టాల్సిన చోటు వేరే అని నా అభిప్రాయం. పరీక్షించని చికిత్సను ఇవ్వడం కూడా ప్రయోగమే. తేడా ఏమిటంటే, దాని ఫలితాన్ని ఎవరూ రాసిపెట్టుకోరు. ఫీస్ట్ జరగకపోయి ఉంటే, సెలైన్ వేగంగా ఎక్కించాక పోయిన బిడ్డ మలేరియాతో పోయాడనే రిజిస్టరులో రాసేవారు, డాక్టరు తాను చేయగలిగిందంతా చేశాననే అనుకునేవాడు. ఇది పేద దేశాలకే పరిమితమైన సంగతీ కాదు. తలకు దెబ్బ తగిలినవారికి స్టెరాయిడ్లు ఇవ్వడం పలు దేశాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా సాగింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఇయాన్ రాబర్ట్స్ బృందం పదివేల మందితో జరిపిన ‘క్రాష్’ పరిశోధన, ఆ మందు వల్ల మరణాలు పెరుగుతున్నాయని 2004లో తేల్చింది. ఆ ముప్ఫై ఏళ్లలో పోయినవారి లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఇక అనుమతి మాట. ఫీస్ట్ మీద వచ్చిన విమర్శల్లో గట్టిది ఇదే. ఎగశ్వాసతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి ఆసుపత్రి గడప తొక్కుతుంది. ఆమె చేతిలో పేజీలకు పేజీల సమాచార పత్రం పెట్టి, లాటరీ పద్ధతి అంటే ఏమిటో వివరించి, సంతకం అడిగేలోపు బిడ్డ దక్కకపోవచ్చు. అందుకని ముందు నోటిమాటగా క్లుప్తంగా చెప్పి ఒప్పించుకున్నారు. బిడ్డ కుదుటపడ్డాక పూర్తి వివరాలు చెప్పి రాతపూర్వక అనుమతి తీసుకున్నారు. ఆలోపే బిడ్డ పోతే, కడుపుకోతలో ఉన్న తల్లిదండ్రుల ముందు కాగితం పెట్టనక్కర్లేదని ఎథిక్స్ కమిటీలు మినహాయింపు ఇచ్చాయి. విమర్శకులకు మింగుడుపడనిది ఈ మినహాయింపే: బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు కదా అన్నిటికంటే ముందు నిజం తెలియాల్సింది? ఈ ప్రశ్నకు పూర్తిగా సమాధానపరచగలిగిన జవాబు నాకు తోచడం లేదు. అయినా ఈ పద్ధతినే సమర్థిస్తాను. ఆ క్షణంలో తీసుకునే సంతకం తల్లి హక్కును కాపాడదు, ఆసుపత్రిని కాపాడుతుంది. ఆమెను నిజంగా కాపాడినవి వేరే ఉన్నాయి. మూడో వర్గానికి అందిన వైద్యం ఆ ఆసుపత్రుల్లో అప్పటికి మామూలుగా అందుతున్న దానికంటే తక్కువేమీ కాదు. పరిశోధన పేరుతో అక్కడి సిబ్బందికి అత్యవసర వైద్యంలో శిక్షణ దొరికింది, పరికరాలు వచ్చాయి. లండన్ కమిటీయే కాకుండా ఆఫ్రికా కమిటీలూ పథకాన్ని తరచి చూశాయి. అన్నిటికీ మించి, ఫలితాలను మధ్యమధ్యలో చూస్తూ, ఆపమని చెప్పగల అధికారమున్న సంఘం ఒకటి ఉంది. అది ఆపమంది కూడా.

సంతకాన్ని ఇలా తేలిక చేసి మాట్లాడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి, పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు పద్నాలుగు వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించింది. ఆ బాలికల్లో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చదువుకుంటున్నవాళ్లు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో ఉన్న లెక్క ఇది: 9543 అనుమతి పత్రాలు చూస్తే 2763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1948 పత్రాల మీద వేలిముద్రలు. పని తొందరలో ఉన్న అత్యవసర వార్డు కాదది, చావుబతుకుల్లో ఉన్న పిల్లలూ కారు. ఊరికి కబురుపెట్టి తల్లిదండ్రులను పిలిపించడానికి కావలసినంత వ్యవధి ఉంది. పిలిపించలేదు. ఖమ్మంలోనూ, ఇదే కార్యక్రమం నడిచిన గుజరాత్‌లోనూ టీకా వేయించుకున్న బాలికల్లో మొత్తం ఏడుగురు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలు తేల్చాయి. కానీ 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయేనాటికే నమ్మకం విరిగిపోయింది. టీకా మంచిదే. ఇంగ్లండులో 2008 నుంచి బడుల్లో వేస్తున్నారు. పన్నెండు, పదమూడేళ్లకే వేయించుకున్న తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. అక్కడ ప్రతి ఇంటికీ ఉత్తరం వెళుతుంది, వద్దనే వీలు ఉంటుంది. మంచి టీకాను చెడ్డ పద్ధతిలో వేస్తే ఆ టీకాకే ఎసరు వస్తుందని ఖమ్మం చూపించింది.

ఫీస్ట్‌ను సమర్థించి ఖమ్మాన్ని తప్పుపట్టడం ఏ న్యాయం అని అడగవచ్చు. కాగితం కొలమానంగా చూస్తే రెండింటిలోనూ లోటు కనిపిస్తుంది. నేను చూసేది కాగితానికి ముందున్న ప్రశ్ననూ, తర్వాతి బాధ్యతనూ. పరిశోధన వెతికే ప్రశ్న ఆ రోగులదేనా? ఇందుకు మద్రాసు మంచి ఉదాహరణ. 1956లో అక్కడ క్షయవ్యాధి చికిత్సా కేంద్రం మొదలైంది. దాన్ని నడిపింది బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పంపిన వాలెస్ ఫాక్స్. ఆరోజుల్లో క్షయ అంటే శానిటోరియం: మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలాంటి చోట నెలల తరబడి విశ్రాంతి, గాలి, బలమైన తిండి. కానీ దేశంలో లక్షల మంది రోగులుంటే మంచాలు పిడికెడు. ఇంట్లోనే ఉండి మాత్రలు మింగితే సరిపోతుందా అన్నది మద్రాసు పేటల్లో మంచం దొరకని రోగి ప్రశ్న. 193 మందిలో లాటరీ పద్ధతిన కొందరిని ఇంటికి, కొందరిని శానిటోరియంకు పంపారు. ఇరుకిళ్లలో, అరకొర తిండితో, పనులు చేసుకుంటూ మందు వాడినవాళ్లు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారని 1959లో తేలింది. ఇంట్లో మిగతావాళ్లకు అదనంగా ముప్పు లేదని కూడా తెలిసింది. ఆ జవాబు మన రోగులకు వెంటనే పనికొచ్చింది, తర్వాత బ్రిటన్‌లో శానిటోరియంలు మూతపడటానికీ తోడ్పడింది. జ్ఞానం పేద దేశం నుంచి ధనిక దేశానికి నడిచి వెళ్లిన సందర్భం ఇది. దీనికి పదేళ్ల ముందు కొరతలో ఉన్నది బ్రిటనే. యుద్ధం ముగిశాక అమెరికా నుంచి స్ట్రెప్టోమైసిన్ కొనడానికి చాలినన్ని డాలర్లు లేవు. ఉన్న కొద్ది మందు ఎవరికివ్వాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చి, 107 మంది క్షయ రోగులతో 1947లో ఆధునిక వైద్య పరిశోధనకు పునాది వేశారు. మందు అందని వర్గానికి తాము పరిశోధనలో ఉన్నామనే తెలియదు. ఈ రోజు ఏ కమిటీ దానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఆకలి, యుద్ధం, అంటువ్యాధి ఉన్నచోట పరిశోధనకు పెట్టే డబ్బుతో మందులే కొనవచ్చు కదా అన్నది మరో అభ్యంతరం. ఎబోలా దీనికి జవాబిచ్చింది. 2014లో పశ్చిమాఫ్రికాలో జబ్బు విజృంభించినప్పుడు, చావు దగ్గరున్నవారికి లాటరీ వేయడం అమానుషమని బ్రిటన్ శాస్త్రవేత్తలతో సహా పలువురు గట్టిగా వాదించారు. ఆక్స్‌ఫర్డ్ బృందం మన్రోవియాలో పోలిక వర్గం లేకుండానే ఒక మందును పరీక్షించబోయింది. అదీ ఆలస్యమై, 2015 జనవరిలో నలుగురు రోగులతోనే ఆగిపోయింది. పదకొండు వేల మందికి పైగా పోయారు, ఏ మందు పనిచేస్తుందో మాత్రం తేలలేదు. 2018లో కాంగోలో మళ్లీ వచ్చినప్పుడు నాలుగు మందులను లాటరీ పద్ధతిలో పోల్చారు. 681 మంది చేరేసరికి రెండు యాంటీబాడీ మందులు మేలైనవని తేలి, 2019 ఆగస్టులో పరిశోధన ఆగింది. కొనదగిన మందు ఏదో తెలియనప్పుడు డబ్బు ఉండి లాభమేమిటి? అయితే వైద్య నైతికతను పరిశీలించే లండన్‌లోని నఫీల్డ్ కౌన్సిల్ 2020 జనవరిలో విడుదల చేసిన నివేదికలో చెప్పిన షరతు నాకు సమంజసంగా తోస్తుంది: కనీస ఆరోగ్య అవసరాలు తీరని జనం దగ్గరకు పరిశోధకులు ప్రశ్నాపత్రాలతో వెళ్లడం తగదు, ఆ అవసరాలు తీరే ఏర్పాటు నిధులిచ్చేవారు ముందే చూసుకోవాలి.

తర్వాతి బాధ్యత దగ్గరే బ్రిటన్ సంస్థలతో సహా అందరూ వెనకబడ్డారు. ఫీస్ట్ ఫలితం 2011లో అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పిల్లల వైద్య మార్గదర్శకాలను సవరించినప్పుడు కూడా వేగంగా ద్రవం ఎక్కించే సలహాను అలాగే ఉంచింది. ఇంటెన్సివ్ కేర్ ఉన్నచోట ఈ ఫలితం వర్తించదని, రకరకాల జబ్బులున్న పిల్లల్ని కలిపేశారని ధనిక దేశాల నిపుణులు వాదిస్తూ పోయారు. మొదటి వాదనలో కొంత నిజం ఉండవచ్చు. కానీ ఇంటెన్సివ్ కేర్ లేని ఆసుపత్రులకు రాసే మార్గదర్శకంలో దానికి చోటెక్కడిది? రక్తప్రసరణ మందగించినా పూర్తి షాక్‌లో లేని పిల్లలకు వేగంగా ఎక్కించవద్దని, షాక్‌లో ఉన్నవారికీ నెమ్మదిగానే ఇమ్మని ఆ సంస్థ రాసింది 2016లో. ఆ ఐదేళ్లకు అనుమతి పత్రంలో గడి లేదు, ఏ ఎథిక్స్ కమిటీకీ వాటి మీద అధికారం లేదు. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, వెల్కమ్ ట్రస్టు వంటి నిధుల సంస్థలు దీన్ని మార్చగలవు. ఫలితం వచ్చాక దాన్ని ఆ దేశపు మార్గదర్శకాల్లోకీ, నర్సుల శిక్షణలోకీ తీసుకెళ్లే ఖర్చును మొదటి దరఖాస్తులోనే చూపించమని అడగవచ్చు. చూపించనివారికి నిధులు నిరాకరించవచ్చు. నిర్ణయాలు ప్రభుత్వాలవి, పరిశోధకుల చేతిలో ఏముంది అంటారు. నిర్ణయం ప్రభుత్వానిదే. కానీ ఫలితాన్ని మంత్రిత్వ శాఖ ముందు ఉంచి, జవాబు వచ్చేదాకా వెంటపడే మనిషికి జీతం ఇవ్వడం మాత్రం నిధులిచ్చేవారి పనే.