తాళం వేసిన గడపకు సేవలు

బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ ఆయకట్టులో నాట్లు మొదలైతే దళితవాడల్లో, తండాల్లో తల్లులు తెల్లవారకముందే పొలానికి పోతారు. అంగన్‌వాడీ టీచర్ గృహసందర్శనకు వచ్చేసరికి తలుపుకు తాళమే. 1975లో మొదలైన ఐసీడీఎస్ మూడేళ్లు నిండిన పిల్లలను కేంద్రంలో కూర్చోబెడుతుంది. అంతకన్నా చిన్నవారికి ఇంటికి బాలామృతం ఇస్తుంది. ఆ పిండి కలిపి తినిపించేది ఎవరు? చాలాచోట్ల బడి మానిన అక్క. దీన్ని నేను పోషకాహార సమస్యగా కాక కుల సమస్యగానే చూస్తాను. ఎవరికి భూమి, ఎవరికి కూలి అన్నది కులమే నిర్ణయించింది. బాలింతగా ఇంటిపట్టున ఉండే వెసులుబాటు కూలి తల్లికి లేదు. ఇక గడపగడపకూ తిరిగే ఆ టీచర్‌ది ‘గౌరవ వేతనం’ (గౌరవం మాటలోనే). ఆమెకు గ్రాట్యుటీ హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. నాట్ల కాలంలోనైనా వాడలోనే పొద్దంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రం, సాయంత్రపు సందర్శనలకు అదనపు వేతనం కావాలి.