ఈ బూర ఎక్కడిది?

ఇంట్లో పాత ఇత్తడి బూర ఒకటి బయటపడితే మనవాళ్లు చేసే మొదటి పని చింతపండు పెట్టి తోమేయడం. రెండోది ఫొటో తీసి, ‘యాంటిక్, ఎంతొస్తుంది?’ అని గ్రూపులో పెట్టడం. కాసేపు ఈ రెండూ ఆపండి. బూర పుట్టుపూర్వోత్తరాలన్నీ దాని పైపొర మీదే ఉంటాయి. లోతు లేని చెక్కుడు అక్షరాలు, అరిగిపోయిన వెండి పూత, అతుకు గీత... గట్టిగా తోమితే ముందు పోయేవి అవే.

అరకు, పాడేరు కొండల వైపు పాత బూర అనగానే రెండు రకాలు గుర్తుకు రావాలి. ఒకటి ఫ్యాక్టరీలో తయారై పెళ్లి బ్యాండుల చేతుల్లో తిరిగిన ట్రంపెట్. ఇంకోటి ధింసాలో మోగే కొమ్ము. ఈ రెండింటి అడ్రస్సూ ఒకే పద్ధతిలో కనుక్కోలేం.

ముందు ట్రంపెట్ సంగతి చూద్దాం. పువ్వులా విచ్చుకున్న మూతి మీద ఏదో పేరు ఉంటుంది. అది చేసినవాళ్ల పేరే అనుకోకండి. సరుకు ఒకరు తయారు చేస్తే, అమ్మే దుకాణం తన పేరు కొట్టించుకోవడం పాతకాలం నుంచీ ఉన్న అలవాటే. అయినా పేరు పనికొస్తుంది. ఉదాహరణకి లండన్‌లోని ‘బూసీ’, ‘హాక్స్’ కంపెనీలు కలిసింది 1930లో. రెండు పేర్లూ జంటగా ఉన్న బూర అంతకంటే పాతది కాలేదు. ‘1890 నాటిది సార్’ అని అమ్మేవాడు ఎంత నమ్మకంగా చెప్పినా సరే! బాణం గుర్తు కనిపిస్తే అది బ్రిటిష్ ప్రభుత్వ సరుకు అయ్యుండే అవకాశం ఉంది. తర్వాత వాల్వుల వైపు చూడండి. సీరియల్ నంబర్ తరచుగా మధ్య వాల్వు గొట్టం మీద ఉంటుంది. లోపలి పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలు కూడా కనిపించొచ్చు.

ఇంగ్లండ్ పేరు లేదని నిరాశపడొద్దు. మన బ్యాండు మేళాలకి బూరలు ఇచ్చిన అసలు ఊరు మీరట్. అక్కడి జాలీ కోఠీ బజారంతా బ్యాండు వాయిద్యాలే. నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885లో మొదలైంది. నన్నడిగితే, మన పెళ్లి ఊరేగింపుల్లో నలభై ఏళ్లు మోగిన మీరట్ బూర ముందు ఏ షోకేసులోని లండన్ బూరా పనికిరాదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. ఏదైనా ట్యూనర్ యాప్ పెట్టుకుని, వాయించడం వచ్చినవాళ్ల చేత, ట్యూనింగ్ గొట్టం పూర్తిగా లోపలికి నెట్టి, ఒక్క స్వరం ఊదించండి. ఇవాళ ప్రపంచమంతా ‘ఎ’ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి శ్రుతి చేస్తోంది. బ్రిటిష్ బ్రాస్ బ్యాండులు మాత్రం 1960ల దాకా దాదాపు 452 దగ్గర వాయించేవి. మీ బూర అన్ని స్వరాల్లోనూ అర స్వరంలో సగం మేర పైకి పలుకుతుంటే, అది ఆ పాత శ్రుతి కోసం చేసింది కావచ్చు. అక్షరాలు చెరిగిపోయినా శ్రుతి చెరగదు కదా!

మరి నకిలీవి? గోడకి తగిలించడానికే చేసిన ‘పాత’ బూరలు బోలెడు. వాటి రేకు మందంగా, అక్షరాలు మొరటుగా ఉంటాయి. వాల్వులు నొక్కినా పేరుకే కదులుతాయి. ఒక చిన్న పరీక్ష ఉంది. వాల్వు నొక్కకుండా దాని పక్క గొట్టాన్ని కొంచెం బయటికి లాగి, అప్పుడు వాల్వు నొక్కండి. ‘టప్’ మంటే లోపల గాలి బిగువు బాగుందని లెక్క. అసలు బూరలు కూడా పాతబడితే బిగుసుకుపోతాయి, అది వేరే విషయం. అలాంటప్పుడు పటకారు జోలికి మాత్రం పోకండి. నూనె వేసి ఓపిగ్గా వదిలేయండి.

ఇక కొమ్ము దగ్గరికి వస్తే ఈ తెలివితేటలేవీ పనిచేయవు. ధింసాలో తుడుము, డప్పు, కిరిడి, మోరి, వాటితోపాటు జోడుకొమ్ములు మోగుతాయి. చేతులు పట్టుకుని వరసగా ఆడే ఆడవాళ్ల అడుగులకి అవే తోడు. విస్టాడోమ్‌లో వచ్చి రిసార్టులో పది నిమిషాల ధింసా చూసి వెళ్లేవాళ్ల వీడియోల్లో ఆ ఊదేవాళ్లు ఫ్రేములో సగమే కనిపిస్తారు. కొమ్ముకి వాల్వుల్లేవు. పెదాల బిగువు, ఊపిరి, అంతే. ట్రంపెట్‌లో మూడు మీటలు చేసే పనిలో కొంత ఇక్కడ పెదాలే చేయాలి. దొరికేవి కొన్ని స్వరాలే. ఓసారి ఊది చూడండి, దవడలు లాగేస్తాయి.

దాని మీద కంపెనీ పేరు, నంబర్, సంవత్సరం వెతికితే దొరకవు. చేసినవాడూ ఊదేవాడూ ఒకరికొకరు తెలిసిన చోట ముద్ర ఎవరికి కావాలి? లోహం కొంతవరకే చెబుతుంది. రేకు చుట్టి అతికిన కొమ్ముకి పొడవునా సన్నటి గీత, కాస్త వేరే రంగులో ఉంటుంది. మైనపు అచ్చుతో పోత పోసినదానికి అతుకు ఉండదు. ఆదిలాబాద్ ఓజాలు, బస్తర్ ఘడ్వాలు చేసేది ఈ పోత పనే. ఎవరు చేశారు, ఏ సంతలో కొన్నారు, ఏ పండగకి బయటికి తీస్తారు అన్నవి మాత్రం ఊదే తాతని అడగాల్సిందే. ఆయన తర్వాత అది పేరులేని ఇత్తడి ముక్క అయిపోతుంది. కిలోల లెక్కన అమ్ముడయ్యేదీ అప్పుడే. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఇలాంటి జానపద, ఆదివాసీ వాద్యాలని ఏళ్ల తరబడి సేకరించి, 2020లో హైదరాబాద్‌లో ‘మూలధ్వని’ పేరుతో ప్రదర్శన పెట్టారు.

కొనాలని మనసు లాగితే రెండు చట్టాలు గుర్తుంచుకోండి. రెండూ 1972లోనే వచ్చాయి. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవిదున్న కొమ్ముని కొనడం, అమ్మడం నేరం. పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువుని మీరు సొంతంగా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న బావగారికి గిఫ్టు పంపుదామనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఇంకో మాట. ఆ వాద్యం పేరే జోడుకొమ్ములు. ఒక్కటే అమ్మకానికి పెట్టారంటే రెండోది ఎక్కడుందో అడగండి. ఊళ్లోనే ఉందంటే, దీన్ని కొనొద్దు. ఊదే ఆయన సరేనంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆయన పేరూ, ఊరి పేరూ ఆయన గొంతుతోనే చెప్పించి, కాపీ ఒకటి ఆయన మనవడి ఫోన్‌కి కూడా పంపండి.