మీకు తెలుసా? కోళ్ల జాలి దొంగను ఆపదు!

బజారులో దొరికే ఆరు మూలల కళ్ల జాలి కోడిని లోపల ఉంచడానికే పనికొస్తుంది. 1844లో ఇంగ్లండులోని నార్విచ్‌లో చార్లెస్ బర్నార్డ్ బట్టల మగ్గం పద్ధతిలో దాన్ని అల్లించాడు. ఆ సన్నటి తీగను కుక్క పళ్లతో చించేస్తుంది.

నల్లమల అంచున గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లో కోళ్ల దొంగలు వంతులేసుకుని వస్తారు. పగలు గద్ద, ముంగిస. రాత్రి జంగపిల్లి, నక్క. రాత్రి గంప కింద మూసి, పగలు గాలికి వదిలేస్తే అది సగం కాపలాయే. తుమ్మకంప దడి కుక్కను కొంత ఆపుతుంది గానీ, ముంగిస పొట్ట నేలకానించి దాని అడుగునుంచి జారిపోతుంది. అలాగని విషం పెట్టకండి, కరెంటు తీగ లాగకండి. ఇంట్లో పసిపిల్లలకే ముందు ప్రమాదం. పైగా 2022 సవరణతో ముంగిస వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరింది.

అరంగుళం కళ్ల వెల్డ్‌మెష్ కొనండి. ధర ఎక్కువే, అయినా కోడిపిల్లలున్న గూటికి అదే సరైనది. పైన వల కప్పితే గద్ద దిగలేదు. అసలు కిటుకు కింద ఉంది: జాలిని అడుగు మేర బయటికి మడిచి నేలమీద పరచాలి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే గోళ్లు పెడుతుంది, అక్కడ తీగ తగులుతుంది. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి ముక్కలకు కొదవా? ఆ మడత మీద నాలుగు పేర్చండి, కదలదు.